మెడలో మాల, సంచిలో బీరు

మాల వేసుకున్న మనిషి బీరు కొనవచ్చునా? కొని తాగకపోతే తప్పు లేనట్టేనా? తాగకుండా, పొయ్యి మీద పోసి ఉడికించి తింటే అది తాగినట్టా, తిన్నట్టా? ఆ ఆదివారం పొద్దున వనపర్తిలో మూసి ఉన్న నా దుకాణం ముందు స్కూటర్ మీద కూర్చుని ఈ ప్రశ్నలే మార్చి మార్చి వేసుకున్నాను. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి, కొత్త తీగ చుట్టి ఇవ్వడం నా పని. మోటారుకు ఏమొచ్చిందో విప్పి చూస్తే తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలను ఎక్కడ పట్టుకుని విప్పాలో మాత్రం అంతుబట్టలేదు.

నా మెడలో ఉన్నది తులసి మాల. గద్వాల దాటి, కర్ణాటక సరిహద్దు కూడా దాటాక, ఒక చిన్న ఊళ్ళో పాండురంగడి గుడి ఉంది. ఏకాదశి నాడు అక్కడికి పోయి వేయించుకున్నాను. మా వైపు తాగుడు మానాలనుకునేవాళ్ళు చాలామంది ఇదే దారి పడతారు. మెడలో మాల ఉన్నంతకాలం మందు ముట్టకూడదు, మాంసం తినకూడదు. తీసి పక్కన పెట్టామా, దేవుడికిచ్చిన మాట తప్పినట్టే. నేను వేసుకుని రెండేళ్ళు దాటింది. అంతకుముందు పదిహేడేళ్ళు తాగాను. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి, నేను మంచి తాగుబోతును. పెళ్ళాన్ని కొట్టలేదు, మురుగు మోరీలో పడలేదు, ఒకరి చేత మాట పడలేదు. దుకాణం మూశాక రెండు బీర్లు తాగి, నవ్వు మొహంతో ఇంటికి వచ్చేవాణ్ణి. ఈ సంగతి నలుగురిలో గర్వంగానే చెప్పుకునేవాణ్ణి.

మాకు ఒక్కతే కూతురు. హైదరాబాదులో హోటల్ కోర్సు చదివి, అక్కడే ఒక పెద్ద హోటల్ వంటశాలలో పని నేర్చుకుంటోంది. శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా బస్సు దిగి ఇంటికి వచ్చింది. చేతిలో థర్మకోల్ డబ్బా ఉంది. అందులో ఐసు, ఐసు మధ్యలో పసుపుపచ్చని చీజ్ గడ్డలు. మొహం మాత్రం వాడిపోయి ఉంది. అన్నం పెడితే సగం తిని చెయ్యి కడుక్కుంది.

సంగతి మెల్లగా చెప్పింది. ఫాండ్యూ అని ఒక వంటకం ఉందట. గిన్నెలో బీరు కాచి, తురిమిన చీజ్ గుప్పెడు గుప్పెడుగా అందులో వేస్తూ, చెయ్యి ఆపకుండా కలుపుతూ పోతే మెత్తగా, మెరుస్తూ చిక్కబడుతుందట. గిన్నెను మధ్యలో పెట్టుకుని, చుట్టూ కూర్చున్నవాళ్ళు పుల్లకు రొట్టెముక్క గుచ్చి అందులో ముంచుకుని తింటారట. చలిదేశాల తిండి. ఆ హోటల్ పెద్ద వంటాయన మా అమ్మాయికి దాన్ని చేసి చూపించమని మూడు అవకాశాలిచ్చాడు. రెండు అయిపోయాయి. రెండుసార్లూ విరిగిపోయింది. అడుగున రబ్బరులాంటి ముద్ద, పైన తేలిన నూనె. మూడోసారి మంగళవారం నాడు. అది కూడా పోతే పొయ్యి దగ్గర నుంచి తీసేసి, కూరగాయలు తరిగే గదికి పంపిస్తారు. ఆ గదికి పోయినవాళ్ళు మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది తను చూడలేదట.

"నాయినా, కాలిన మోటార్ తెస్తే నువ్వేం జేస్తవ్?" అని అడిగింది.

"విప్పి చూస్త."

"గట్లనే నన్ను గూడ జూడు. నేను వండుత, నువ్వు పక్కన కూసో. ఏడ తప్పు పోతున్నదో జెప్పు. నాకైతే తెలుస్తలేదు."

నా కూతురు నా దగ్గరికి సలహాకు రావడం అదే మొదలు. ఫీజుకు వచ్చింది, ఫోనుకు వచ్చింది గానీ సలహాకు ఎప్పుడూ రాలేదు. నాకు ఛాతీ ఉబ్బింది. అదెంత పని అన్నాను.

"చీజ్ మూడుసార్లకొస్తది. బీరు ఈడనే కొందామనుకున్న," అంది.

అంతవరకు మాట్లాడకుండా కుట్టుమిషను తొక్కుతున్న మా ఆవిడ కాలు ఆపేసింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మిషను చప్పుడు ఆగిందంటే నాకేదో మూడిందన్నట్టే.

"ఏం గొంటవ్?"

"బీరు అమ్మా. ఒక్క సీసా."

"పాలు పొయ్యి. ఇంట్ల బర్రె పాలున్నయి."

"పాలు పోస్తే అది వేరేదైతది. పరీక్షల బీరే పోయాలె."

మా ఆవిడ కూతురి వంక చూడలేదు, నా వంక చూసింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడగకముందే నేను చెప్పేశాను. "నాకేం గాదు. నేను దాని వాసన గూడ జూడ."

ఆమె మిషను మీది జాకెట్టు తీసి పక్కన పెట్టింది. తరువాత షరతులు పెట్టింది. సీసా వంటింటి గడప దాటి లోపలికి రాకూడదు. మిద్దె మీద రేకుల కింద చిన్న సిలిండర్ పొయ్యి పెట్టుకోవాలి. నేను మాల వేసుకున్ననాటి నుంచి అటక మీద పడి ఉన్న మాంసం గిన్నెనే వాడాలి. పని అయ్యాక సీసాను తానే తీసుకుపోయి పారేస్తుంది. ఇన్ని చెప్పిన మనిషి, సీసా తెచ్చేదెవరో మాత్రం చెప్పలేదు.

"నేను పోత," అంది అమ్మాయి. "హైదరాబాదుల ఆడపిల్లలు కొంటరు, ఏమైతది?"

"వనపర్తిల కొనరు," అన్నాను. అక్కడ ఆడపిల్ల వైన్ షాపు ఇనుప జాలీ ముందు నిలబడితే, ఇంటికి వచ్చేలోపే కబురు గోపాల్‌పేటలో ఉన్న మా అన్నదమ్ముల దాకా పోతుంది. తాగనివాళ్ళెవరినైనా పంపుదామంటే, నాకు తెలిసినవాళ్ళలో తాగనివాడు నేనొక్కణ్ణే. అందుకే ఆదివారం పొద్దున అలా స్కూటర్ మీద కూర్చుని తల బద్దలు కొట్టుకోవలసి వచ్చింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

కడకు పోయాను. రెండేళ్ళ తరువాత ఆ జాలీ ముందు నిలబడితే కళ్ళు వాటంతటవే సీసాల వరసల వైపు పోయాయి. భయమో, ఆశో చెప్పలేను. లోపలి మనిషి నన్ను గుర్తుపట్టాడు. అడగకముందే నా పాత రకం బీరు తీసి బల్ల మీద పెట్టాడు. చెయ్యి చాచేసరికి అతని కళ్ళు నా మెడ మీద పడ్డాయి. టక్కున సీసా వెనక్కి లాక్కున్నాడు.

"అన్నా, మాల మీదున్నవ్ గదనే!"

"నాకు గాదు. వంటల పోస్తందుకు."

"వంటలనా? నేనియ్యనన్నా. నీకిచ్చి ఆ పాపం నేను మూటగట్టుకోవాల్నా?"

మద్యం అమ్ముకునే మనిషికి నా పుణ్యం మీద అంత పట్టింపు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. వెనుక వరసలో ఉన్నవాళ్ళు సలహాలు మొదలుపెట్టారు. "తీసి జేబుల పెట్టుకోరాదే," అని ఒకాయన అన్నాడు. "జేబుల ఉన్నా మీదున్నట్టే, బండి హ్యాండిల్‌కు తగిలియ్యి," అని ఇంకొకాయన. "గట్ల తీస్తే మల్ల గుడికాడికి పోయి ఎయ్యించుకోవాలె, ఉత్తగ గాదు," అని మూడో మనిషి వాళ్ళిద్దరినీ మందలించాడు. కొనేది నేను, వాదించుకునేది వాళ్ళు. మాల తీయాలా వద్దా అని కాసేపు నాకే అనుమానం వచ్చింది. చెయ్యి మెడ దాకా పోయి ఆగింది కూడా.

చివరికి గోపాల్‌పేట రైతు ఒకాయన ముందుకు వచ్చాడు. నిరుడు ఆయన మోటారుకు నేనే తీగ చుట్టాను. తన పేరు మీద ఒక సీసా తీసుకుని, నా సంచిలో వేసి, చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు, "నేనెవరికీ చెప్ప తియ్యి. మనిషన్నంక గింత ఉంటది."

"నిజంగనే వంటకే," అన్నాను.

"ఆఁ, వంటకే," అని కన్ను గీటాడు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. నేనేమో వైన్ షాపు ముందే నిలబడ్డాను. నాకు చెప్పలేనంత ఉక్రోషం వచ్చింది. రెండేళ్ళు కష్టపడి కూడబెట్టుకున్న మంచిపేరు ఒక్క సంచితో పోయిందనిపించింది.

దారిలో స్కూటర్ ఆపి, నాకు మాల వేయించిన తాతకు ఫోన్ చేశాను. ఆయన గద్వాల దగ్గర భజన చేయిస్తుంటాడు. తాగుడు మానినవాళ్ళందరికీ ఆయనే దిక్కు. సంగతంతా చెప్పి, ఉడికించింది తింటే మాల పోతుందా అని అడిగాను.

"బీరు ఉడకబెడ్తరా?" అన్నాడు.

"ఉడకబెడ్తరంట తాతా."

"తాగుడు సాలక తినుడు గూడ మొదలుపెట్టిన్రా? ఎవరు నేర్పిన్రు గిట్ల?"

"మరిగితే మత్తు పోతదంట."

"పోతే పోనీ. మల్ల ఎందుకు పోసుడు?"

వచ్చే ఏకాదశికి రా, నలుగురిని అడిగి చెప్తానన్నాడు. ఏకాదశికి ఇంకా పది రోజులుంది. ఫాండ్యూ మధ్యాహ్నానికే.

మిద్దె మీద అమ్మాయి అన్నీ సర్దిపెట్టింది. చీజ్ తురిమి, దానికి మక్కజొన్న పిండి పట్టించి మూడు పళ్ళేల్లో పోసింది. గిన్నె లోపల అంతటా వెల్లుల్లి రుద్దింది. బేకరీ డబల్ రొట్టె మరీ మెత్తగా ఉందని, పొద్దున చేసిన జొన్నరొట్టెలే పెనం మీద గట్టిగా కాల్చి, చేత్తో ముక్కలు చేసి పెట్టింది మా ఆవిడ. ఆమె మెట్ల దగ్గరే పీట వేసుకుని కూర్చుంది. అంతకంటే దగ్గరికి రానంది.

"అందరు ఒక్క గిన్నెలనే ముంచుడేంది? నోట్లె పెట్టుకున్న పుల్ల మల్ల దాన్లెనే పెడ్తరా? ఎంగిలి గాదా?"

"పుల్ల నోటికి తాకనియ్యరమ్మా."

"తాకుతదో లేదో ఎవరు జూడొచ్చిన్రు," అని మూతి ముడుచుకుంది.

అమ్మాయి సీసా మూత తీసి, గ్లాసెడు కొలిచి గిన్నెలో పోసింది. మంట పెట్టింది. నేను పొయ్యికి ఇవతల ముక్కాలి పీట మీద కూర్చున్నాను, మోటారు ముందు కూర్చున్నట్టే. కాసేపటికి గిన్నె అంచుల్లో నురుగు లేచింది. ఆవిరి వచ్చింది.

ఆ వాసన నేనెన్నడూ ఎరుగను. చల్లని బీరు వాసన వేరు, ఇది వేరు. బార్లీ ఉడికినట్టు, కొంచెం తియ్యగా, వెనుక నుంచి చేదుగా వచ్చింది. అబద్ధమెందుకు, నాకు నోరూరింది. వెంటనే మాల పట్టుకుని పాండురంగా అనుకున్నాను. నోరూరింది చీజ్‌కా, బీరుకా? చీజ్ ఇంకా వెయ్యనే లేదు కదా. మరి బీరుకే అనుకుంటే, రెండేళ్ళ మాల ఏమైనట్టు? నోరూరితే తప్పా, మింగితేనే తప్పా? ఊరిన నీళ్ళు మింగాలా, ఉమ్మాలా? ఈ గొడవలో పడి గిన్నె సంగతి మరిచాను. చూసేసరికి విరిగిపోయి ఉంది. అడుగున ముద్ద, పైన నూనె, మధ్యలో బీరు దేనికదిగా తేలుతున్నాయి.

అమ్మాయి గరిటె కింద పెట్టేసింది. "జూసినవా? గిట్లనే అయితది. ఏం తప్పు జేసిన?"

ఏం చెప్పను? నేను చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. మంట ఎక్కువైందన్నాను. బస్సులో ఎండకు చీజ్ పాడైందేమో అన్నాను. పిండి చాలలేదన్నాను, గిన్నె అడుగు పలచన అన్నాను. దుకాణానికి వచ్చే రైతులు మోటారు ఎందుకు కాలిందో ఇలాగే పది కారణాలు చెబుతారు, నేను వాళ్ళను కసురుకుంటాను. మెట్ల దగ్గర నుంచి మా ఆవిడ, "మాల మీదున్నోడు తెచ్చిండు, దేవునికి నచ్చలే, ఇరిగింది," అంది. నిజం చెప్పాలంటే నాకూ లోలోపల అదే అనుమానం. నా మూలంగా నా కూతురి పరీక్ష పోతుందా అని భయం పట్టుకుంది.

ఒక పళ్ళెం అయిపోయింది, రెండు మిగిలాయి. ఈసారి నేను ఒట్టు పెట్టుకున్నాను. బీరు సంగతి తరువాత, మాల సంగతి తరువాత. తప్పు కనిపెట్టడమే నా పని. గిన్నె కడిగించాను. మంట సన్నగా పెట్టించాను. మళ్ళీ గ్లాసెడు బీరు పడింది. అయితే ఈసారి గిన్నెను చూడలేదు, ఆమె చేతిని చూశాను. మోటారు ఆగిపోతే మేము ముందు తిరిగేదాన్ని చూస్తాం. ఈ వంటలో తిరిగేది ఆ చెయ్యే.

నురుగు లేచింది. ఆమె ఎడమచేత్తో గుప్పెడు చీజ్ వేసి కుడిచేత్తో గరిటె తిప్పడం మొదలుపెట్టింది. చక్కగా తిప్పుతోంది. ఆవిరి మొహానికి తగిలింది. అప్పుడు ఆమె మొహం ఎడమ భుజం వైపు తిరిగిపోయింది. కళ్ళు మూసుకుంది. ఊపిరి బిగబట్టింది. చెయ్యి ఆగింది. మనసులో నాలుగంకెలు లెక్కపెట్టేంతసేపు, అంతే. మళ్ళీ ఇటు తిరిగి ఏమీ జరగనట్టే కలపసాగింది. ఆ నాలుగంకెలలో చీజ్ అడుగు పట్టి ముద్ద కట్టేసింది. ఇక ఎంత తిప్పినా కలవలేదు.

"దొరికింది!" అని లేచి నిలబడ్డాను. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "మొహం అటు తిప్పుతున్నవ్ నువ్వు. చెయ్యి ఆగుతున్నది. గదే తప్పు!"

"నేను తిప్పలేదు నాయినా."

"తిప్పినవ్. ఆవిరి రాంగనే తిప్పినవ్. కండ్లు గూడ మూసినవ్. హోటల్ల గూడ గిట్లనే జేస్తుండొచ్చు, నీకే తెలుస్తలేదు."

ఆమె ఒప్పుకోలేదు. ఆ తరువాత గిన్నె వంక చూస్తూ, "వాసన పడదు," అంది.

"చేపల వాసన పడ్తది, మాంసం వాసన పడ్తది, గిదెందుకు పడదు? నువ్వు తాగిందానివి గూడ గాదు. ఎప్పటిసంది పడదు?"

ఆమె గరిటెకు అంటుకున్న చీజ్‌ను గోటితో గీకుతూ కూర్చుంది. నాకు అర్థం కాలేదు. తప్పు దొరికింది కదా, మరి ఏడుపు మొహమెందుకు? చిన్నప్పటి నుంచా, హోటల్లో ఎవరైనా ఏమైనా అన్నారా, దవాఖానలో చూపిద్దామా అని ఇంకా ఏవేవో అడిగాను.

"ఏమడుగుతున్నవయ్యా దాన్ని?"

మా ఆవిడ మెట్ల దగ్గర లేచి నిలబడి ఉంది. గొంతు పెద్దది చేయలేదు. మామూలుగానే అంది. అయినా నా నోరు అక్కడే ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. దుకాణం మూసి, రెండు బీర్లు తాగి, నవ్వు మొహంతో ఇంటికి వచ్చేవాణ్ణని చెప్పాను కదా. వచ్చి ఊరికే ఉండేవాణ్ణి కాదు. పడుకున్న బిడ్డను లేపి ఒళ్ళో కూర్చోబెట్టుకునేవాణ్ణి. ఎక్కాలు అప్పజెప్పమనేవాణ్ణి. చెబితే ముద్దు పెట్టుకునేవాణ్ణి, తప్పు చెబితే కూడా ముద్దు పెట్టుకునేవాణ్ణి. ఎంత ప్రేమ నాకు! ఆమె మొహం ఎడమ భుజం వైపు తిప్పుకుని, కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, నేను వదిలేదాకా కదలకుండా ఉండేది. నిద్రమత్తు అనుకునేవాణ్ణి. ఏళ్ళ తరబడి నిద్రమత్తే అనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు అని ఊరంతా చెప్పుకుని తిరిగాను.

సిగ్గుతో నిలువునా చచ్చిపోయాను. పొద్దుటి నుంచి నా మాల పోతుందా ఉంటుందా, నా నోరు ఊరిందా లేదా అని నా గురించే ఆలోచించుకున్నాను. మోటారులో తప్పు దొరికితే నేనే బాగుచేస్తాను. ఇక్కడ తప్పు దొరికింది, అది నేనే. నన్ను ఎవరు విప్పి చుట్టాలి?

"నేను కిందికి పోత," అన్నాను. నేను లేకుంటే ఆమెకు తేలికవుతుందేమో అనిపించింది. ఆమె తలెత్తకుండా గరిటె గీకుతూనే ఉంది. నేను రెండడుగులు వేసి, పోవాలో ఉండాలో తెలియక పిట్టగోడ దగ్గర నిలబడిపోయాను.

మా ఆవిడ చెంగు నడుముకు దోపుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. రానన్న మనిషి తనే గిన్నె కడిగింది. మిగిలిన బీరు తనే గ్లాసులో కొలిచింది. బీరు సీసాను ఆమె చెయ్యి తాకడం నేను పెళ్ళయ్యాక ఎన్నడూ చూడలేదు. గిన్నెలో పోసి, గరిటె కూతురి చేతికిచ్చింది.

"ఉన్నది ఇదొక్క పళ్ళెమే. కలుపు."

"నాతోని గాదమ్మా."

"కలుపు, నేను జెప్త."

నురుగు లేచింది. మొదటి గుప్పెడు పడింది. ఆవిరి పైకి వచ్చింది. అమ్మాయి మెడ ఎడమవైపు తిరగబోయింది. మా ఆవిడ ఆమె వెనుక నిలబడి వీపు మీద చెయ్యి పెట్టింది.

"తిప్పకు. పీల్చు."

"అమ్మా..."

"పీల్చు. అది బీరు వాసన బిడ్డా. గంతే. అది మీ నాయిన గాదు. మీ నాయిన అగో, గాడ నిలబడ్డడు."

అమ్మాయి తలెత్తి నన్ను చూసింది. నేనక్కడ ఉన్నానో లేదో చూసుకున్నట్టు చూసింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చింది. చెయ్యి ఆగలేదు. రెండో గుప్పెడు వేసింది, మూడోది వేసింది. నేను పిట్టగోడను పట్టుకుని, ఊపిరి పీల్చడానికి కూడా భయపడుతూ నిలబడ్డాను. చివరి గుప్పెడు పడ్డాక, నిమ్మకాయ చెక్క పిండి ఇంకాసేపు తిప్పి, గరిటె పైకి ఎత్తింది. అది పట్టీలాగా సాగి, మెరుస్తూ, తెగకుండా గిన్నెలోకి జారింది.

"ఇరగలే," అంది మా ఆవిడ. అని, కొంగుతో కూతురి మొహం తుడిచింది. తన మొహం తుడుచుకోలేదు.

అమ్మాయి పుల్లకు జొన్నరొట్టె ముక్క గుచ్చి, ముంచి, వాళ్ళమ్మ నోటికి అందించింది. ఎంగిలి మాట ఎత్తకుండా ఆమె తింది. నాకు కూడా పెడుతుందేమో, పెడితే తినాలో వద్దో, ఇన్ని జరిగాక కూడా నాకు తెలియలేదు. ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వు తినకు నాయినా. నీకొద్దు అది," అంది. "గాడ నిలబడితే ఏం కనబడ్తది? దగ్గరికొచ్చి జూడు."

వెళ్ళాను. ఆమె పక్కన, అంత దగ్గరగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కదా అని, "మంట తగ్గించు," అన్నాను.

"తక్కువనే ఉన్నది నాయినా," అంది. మొహం తిప్పుకోలేదు.